మాగబెట్టిన గిటారు

బేస్ గిటారు ఎన్నిక అనేది బేస్ గిటారు వాయించేవాళ్ళకి వదిలిపెట్టదగిన విషయం కాదు. ఈ సత్యాన్ని దేశంలో మొట్టమొదట గుర్తించి, తీర్మానం చేసి, మూడు కాపీలు టైపు చేయించి బీరువాలో భద్రపరిచిన సంస్థ మాది. తణుకు వర్తక మిత్ర కళాభివృద్ధి సంఘం (రిజిస్టర్డు). నేను దాని కార్యదర్శిని. నా ఎరువుల కొట్టులో బేరాల్లేనప్పుడు మినిట్సు రాస్తుంటాను. అంచేత ఇక్కడ చెప్పేవాటన్నిటికీ పేజీ నెంబర్లతో సహా ఆధారాలున్నాయి.

మా సంఘానికో ఆర్కెస్ట్రా ఉంది. నవమి పందిళ్ళలో, చవితి పందిళ్ళలో, సభ్యుల ఇళ్ళ పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వినిపిస్తుంది. అందులో బేస్ వాయించేవాడు సామ్యేలు. పగలు పంచదార మిల్లులో ఫిట్టరు. అతను ఆరేళ్ళుగా మామూలు గిటారుకి సన్నతీగలు రెండూ పీకేసి, మిగతా నాలుగూ వదులు చేసి, దాన్నే బేస్ అనుకుని వాయిస్తూ వచ్చాడు. బేస్ అంటే పాటకి అడుగు. ఉన్నంతసేపూ ఎవరికీ పట్టదు, లేకపోతే పాట తేలిపోతుంది. మిల్లులో ఫిట్టరు సంగతీ అంతే గనక ఆ పని అతనికి నప్పింది.

1983 పుష్యమాసంలో సామ్యేలు ఒక అర్జీ పెట్టుకున్నాడు. రాజమండ్రిలో పెద్ద ఆర్కెస్ట్రా నడిపే చంద్రరావు గారు శ్రీరామనవమికి మా పందిట్లో వినడానికి వస్తున్నారనీ, బేస్ బాగా పలికితే తన పార్టీలోకి తీసుకుంటానన్నారనీ, ఇన్నేళ్ళుగా కొంటామంటున్న ఆ బేస్ గిటారేదో నవమిలోగా కొనిపెట్టమనీ దాని సారాంశం. మీరు కొనిపెడితే నేను వెళ్ళిపోతాను అని ముందే చెప్పి కొనమని అడిగినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. మన ఊరి కుర్రాడు రాజమండ్రిలో వాయిస్తే సంఘానికే పేరు కదా అని అర్జీ ఆమోదించాం. (అర్జీ ఒక పేజీ. ఆమోదం పదకొండు పేజీలు.)

ఇక ఎంపిక. మా కొనుగోలు నిబంధనల్లో మూడోది ఇలా ఉంటుంది: "వస్తువును వాడువారు ఎంపిక సంఘమునందు ఉండరాదు. వాడకము తెలిసినవారికి పక్షపాతముండును." పూర్వం అన్నదానానికి పాత్రలు కొనేటప్పుడు వంటవాణ్ణి కూర్చోబెడితే అతను పెద్ద గుండిగ కావాలన్నాడట. అప్పట్నుంచి జాగ్రత్తపడ్డాం. అంచేత గిటారు ఎంపిక సంఘంలో ముగ్గురమే ఉన్నాం. అధ్యక్షులు నాగేశ్వరప్రసాద్ గారు, ఆయనది బట్టలకొట్టు. ఉపాధ్యక్షురాలు అన్నపూర్ణమ్మ గారు, భర్త పోయాక పదిహేనేళ్ళుగా రైసుమిల్లు ఒంటిచేత్తో నడుపుతున్నావిడ. మూడోవాణ్ణి నేను. సామ్యేలుని రాజమండ్రికి సామాను మొయ్యడానికని తీసుకెళ్ళాం, దానికి నిబంధన అడ్డురాలేదు.

మూడు కొటేషన్లు ఉండాలని మరో నిబంధన. రాజమండ్రిలో మాకు తెలిసిన వాయిద్యాల దుకాణం ఒక్కటే, బుల్లిరాజు గారిది. పాపం ఆయనే మా కష్టం కనిపెట్టి తన పేరున ఒకటి, బావమరిది పేరున ఒకటి, భార్య పేరున ఒకటి మూడు రంగుల సిరాతో రాసిచ్చారు. అన్నిటికన్నా తక్కువ ఆయనదే ఉండటం చూసి ప్రసాద్ గారు, "చూశారా, పోటీ పెడితే నిజాయితీ ఎవరిదో తేలిపోద్ది," అన్నారు.

దుకాణంలో బేస్ గిటార్లు రెండున్నాయి. ఒకటి ఎర్రగా మెరిసిపోతోంది. రెండోదానికి ఒళ్ళు మధ్యలో తేనె రంగు, అంచులకి వచ్చేసరికి ముదిరిన బెల్లంపాకం రంగు. ఇరవై ఏళ్ళ కిందటి అమెరికా నమూనా చూసి కలకత్తాలో చేసినది. సామ్యేలు చూపు దుకాణంలో అడుగుపెట్టగానే దానిమీద పడి అక్కడే ఆగిపోయింది. నిబంధన మూడు ప్రకారం మేం అది గమనించలేదు.

"ఇదేంటయ్యా, నాలుగు తీగలే ఉన్నాయి? ఆ గోడకున్నదానికి ఆరున్నాయి. రేటేమో దీనికే ఎక్కువ!" అన్నారు ప్రసాద్ గారు.

"ఇవి లావు తీగలండి," అన్నాడు సామ్యేలు.

"లావు నూలుకి రేటు తక్కువయ్యా. సన్ననూలుకే ఎక్కువ. నలభై ఏళ్ళ నుంచి అమ్ముతున్నాను, నాకు చెప్తావేంటి?"

సామ్యేలు తలవంచుకున్నాడు. నూలు విషయంలో ఆయన చెప్పింది నిజమే.

"పైగా పాత మోడలంటున్నారు. పాత మోడలంటే పాత స్టాకే కదండి బుల్లిరాజు గారూ? ఆషాఢంలో మేం సగానికిచ్చేస్తాం."

అన్నపూర్ణమ్మ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "పాతదైతే రేటు పెరగాలి గాని తగ్గడమేంటండీ? పాత బియ్యం ఎంత, కొత్త బియ్యం ఎంత? మీ ఇంటికి పంపే బస్తా పాతదా కొత్తదా?"

"బట్టకీ బియ్యానికీ పోలికేంటండమ్మా?"

"గిటారుకీ బట్టకీ ఉందేంటండి మరి?"

పాతదనం వల్ల వస్తువు విలువ పెరుగునా తరుగునా అనే ఈ చర్చ మినిట్సులో పద్నాలుగో పేజీ నుంచి పంతొమ్మిదో పేజీ దాకా నడిచింది. ఈలోగా బుల్లిరాజు గారు విసుగెత్తి, ఆ బెల్లంరంగు గిటారుని యాంప్లిఫయరు పెట్టెకి తగిలించి సామ్యేలు చేతికిచ్చారు.

అతను ఒక నాలుగు నిమిషాలు వాయించాడేమో. బల్లమీద టీగ్లాసులు సన్నగా వణికాయి. ప్రసాద్ గారు మాట మధ్యలో ఆపేశారు. వీధిలో వెళ్ళే రిక్షావాడు బండి ఆపుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ మా పాటలకి అడుగు లేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. అంతకన్నా ముఖ్యం, సామ్యేలు మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నేను రాయడం ఆపి కలానికి మూత పెట్టేశాను. కార్యదర్శి రాయడం మాని పాట వింటే ఆ సంగతి మినిట్సులో ఎక్కడ రాయాలో నిబంధనల్లో లేదు, అందుకని రాయలేదు.

బేరం అక్కడితో తెగిపోవలసింది. కాని బుల్లిరాజు గారు వ్యాపారస్తులు గనక, తెగిన బేరానికి కూడా ఒక మాట అదనంగా వేశారు. "ఇదింకా ఏం చూశారండి? కర్ర పాతబడేకొద్దీ నాదం పెరుగుద్దండి!"

అన్నపూర్ణమ్మ గారు చప్పున తల తిప్పారు. "అంటే ఇప్పుడిది కొత్తదేనన్నమాట."

"కొత్తదేనమ్మా. చూపుకే పాతది."

"మరి కొత్తదాన్ని అప్పుడే వాయించేస్తే ఎలాగండి? కొత్త బియ్యం వండితే ముద్దవుద్ది. ఏడాది మాగితేగాని మెతుకు విడదు. ఇందాకటి మోత విన్నారు కదా, ముద్దగా లేదూ?"

బేస్ అన్నాక ముద్దగానే మోగుతుంది. కాని ఆ మాట చెప్పగలవాడు నిబంధన మూడు కిందికి వస్తాడు.

"అమ్మగారండి," అన్నాడు సామ్యేలు మెల్లగా, "కర్ర మాగడమంటే వాయిస్తా ఉంటే మాగడమండి. మూటకట్టి కాదండి."

"ఏమయ్యా, బియ్యం మాగాలంటే రోజూ కాస్త వండుతా ఉంటామా?"

  గిటారుని ఏడాది మాగబెట్టాలన్న ఈ మాట ప్రసాద్ గారికి బ్రహ్మాండంగా నచ్చింది. కొనేది కొత్త స్టాకు, వాడేది పాత బియ్యం, ఇద్దరి శాస్త్రమూ నెగ్గింది. అక్కడికక్కడే తీర్మానం రాశాం: "కొనబడిన గిటారును ఒక పంట ఏడాది మాగబెట్టి, పక్వమైనట్లు ధ్రువీకరించిన పిమ్మట మాత్రమే వాయించవలెను." కింద మూడు సంతకాలున్నాయి. మూడోది నాది.

తిరుగు ప్రయాణంలో, రైల్లో, గిటారు సంఘం ఆస్తి గనక దానికి కిటికీ పక్క సీటిచ్చాం. సామ్యేలు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. గోదావరి వంతెన మీద ప్రసాద్ గారు గిటారు పేరున ఒక పావలా నీళ్ళలో వేసి దణ్ణం పెట్టారు. 

మాగబెట్టే కార్యక్రమం శాస్త్రోక్తంగా జరిగింది. కొత్త గోనెసంచిలో వేపాకు పరిచి, గిటారు పడుకోబెట్టి, మళ్ళీ వేపాకు కప్పి, మూతి దబ్బనంతో కుట్టి, పసుపు రాసి బొట్టుపెట్టి, అన్నపూర్ణమ్మ గారి మిల్లు గోడౌన్లో ధాన్యం బస్తాల మధ్య పెట్టారు. పైన రెండే బస్తాలు వేశారు. (మామూలుగా పన్నెండు వేస్తారు. సంగీతం మీద ఆవిడకున్న గౌరవం అలాంటిది.)

సామ్యేలుకి శనివారం శనివారం చూసుకోవడానికి అనుమతిచ్చాం. లోపల ఉన్నది సంఘం ఆస్తి గనక గోడౌన్ తాళంచెవి ఒకటి నా దగ్గరుండేది. అతను పంచదార మిల్లు డ్యూటీ దిగి సైకిలు మీద వచ్చి, ఆ బస్తాల సందులోంచి చెయ్యి పోనిచ్చి, గోనె మీదుగా మెడ ఎక్కడుందో తడుముకునేవాడు. "కార్యదర్శి గారండి, లోపల ఉక్కగా ఉందండి. ధాన్యానికి ఆవిరొస్తదండి. కర్ర వంగిపోద్దండి," అన్నాడొకసారి. వచ్చే సమావేశంలో పెడతానన్నాను. పెట్టాను కూడా. కోరం లేదు.

నవమి వచ్చింది. చంద్రరావు గారు అన్నమాట ప్రకారం రాజమండ్రి నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. సంఘం గిటారు కొన్న సంగతి ఊరికి తెలియాలి గనక గోనెసంచిని కుట్టు విప్పకుండా తెచ్చి, వేదిక మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి, బంతిపూల దండ వేశాం. ప్రసాద్ గారు మైకులో దాని గురించి పావుగంట మాట్లాడారు. జనం చప్పట్లు కొట్టారు. దాని వెనక నిలబడి సామ్యేలు తన నాలుగు తీగల పాత గిటారే వాయించాడు. వేళ్ళు మాత్రం బాగా కదిలాయి.

కచేరీ అయ్యాక చంద్రరావు గారు మా దగ్గరికొచ్చారు. "కుర్రాడికి చెయ్యుందండి. కనపడింది గాని వినపడలేదు. ఆ సంచిలో ఉన్నదేదో ఓ రెండు నెలలు ఇప్పించండి, ఇప్పుడే బండెక్కించుకు పోతాను."

"అది సంఘం ఆస్తండి," అన్నారు ప్రసాద్ గారు.

"పైగా మాగలేదు," అన్నారు అన్నపూర్ణమ్మ గారు.

చంద్రరావు గారు నా వంక చూశారు. సంచి నా చేతికందేంత దూరంలోనే ఉంది. నేను మినిట్సు పుస్తకంలోకి చూశాను. ఆయన సామ్యేలు భుజం తట్టి స్టేషనుకెళ్ళిపోయారు. ఆ నెలలోనే ఆయన పార్టీలోకి కాకినాడ నుంచి ఎవర్నో తీసుకున్నారని తెలిసింది. సంచి మళ్ళీ గోడౌన్లోకి చేరింది, సామ్యేలు ఆ తరవాత కూడా శనివారాలు మానలేదు. నాకు అతని సైకిలు బెల్లు వినపడితే కొట్టు వెనక్కి పోవాలనిపించేది.

ఏడాది తిరిగింది. మంచిరోజు చూసి గోనె విప్పాం. వేపాకు పొడిపొడిగా రాలింది. తీగలు తుప్పెక్కాయి. మెడ ముందుకి కొడవలిలా వంగింది. లోపల్నుంచి రెండు ముక్కపురుగులు బయటికొచ్చి, సభ్యులందర్నీ చూసి, మళ్ళీ లోపలికెళ్ళాయి. అన్నపూర్ణమ్మ గారు దగ్గరికెళ్ళి వాసన చూశారు. బియ్యమైతే కొరికి చూస్తారు, ఇది కుదరదు గనక గోటితో నొక్కి చూశారు. "బ్రహ్మాండంగా మాగింది," అని ధ్రువీకరించారు.

సామ్యేలు దాన్ని తగిలించుకుని తీగ మీటాడు. తీగ కర్రకి తగిలి 'టక్' మంది. రెండోది మీటాడు. అదీ అంతే. అతను దాన్ని పసిబిడ్డని దించినట్టు మెల్లగా కుర్చీలోకి దించి, "పోయిందండి," అన్నాడు.

సమావేశం గంటన్నర జరిగింది. గిటారు మాగినట్టు ధ్రువపత్రం ఉంది, అయినా పలకలేదు, కాబట్టి లోపం వాయించేవాడిలో ఉందని తేలింది. బేస్ వాద్యకారుడి స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించాం. గిటారు విషయంలో, ఏడాది బియ్యం కన్నా రెండేళ్ళ బియ్యం శ్రేష్ఠమని అన్నపూర్ణమ్మ గారు గుర్తుచెయ్యగా, మళ్ళీ సంచిలో పెట్టి కుట్టించాం. సంఘం గిటారు అందుబాటులో లేదు గనక నోటీసు బోర్డులో ఇలా రాసి అంటించాను: "బేస్ గిటారు వాయించువారు కావలెను. సొంత బేస్ గిటారు తప్పనిసరి."

గడువులోగా ఒక్కటే దరఖాస్తు వచ్చింది. సామ్యేలుది. సొంత బేస్ గిటారు లేనందున తిరస్కరించడమైనది.