ఇయా మోదీనా గేటు

లాగోస్‌లోని మా ఎబుటే మెట్టా పేటలో కళ ఎంతగా అభివృద్ధి చెందిందో పాఠకులకు తెలియజేయడం నా విధి. పూర్వం ఈ పేటలో చిత్రకారులు ఉండేవారు. ఇప్పుడు చిత్రకారులు వచ్చి ఉండడానికి ఒక సంస్థ ఉంది. దాని పేరు ‘వరండా’. పేరుకు వరండాయే గాని నిజానికి మూడంతస్తుల మేడ. చుట్టూ ఎత్తు గోడ, గోడ మీద కరెంటు తీగ. స్థానిక సమాజానికి తలుపులు తెరిచి ఉంచడమే సంస్థ ధ్యేయమని సరిగ్గా ఆ తీగ కిందనే రాసి ఉంటుంది.

ఈ రెసిడెన్సీకి దేశదేశాల నుంచి కళాకారులు వచ్చి మూడేసి నెలలు ఉంటారు. తిండి, గది, జనరేటరు సంస్థవి. ఆలోచన కళాకారులది. ఏదైనా గీసి పూర్తిచేయాలన్న నిర్బంధం లేదు. పూర్తిచేసిన వాళ్ళను కొంచెం చిన్నచూపు చూస్తారు కూడా. పని జరుగుతూ ఉండాలి తప్ప అయిపోకూడదు. లాగోస్ రోడ్లకు అలవాటుపడ్డ మాకు ఈ సిద్ధాంతం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

నేనూ చిత్రకారుణ్ణే. పేరు కమోరు. వరండా ఉన్న వీధిలోనే పుట్టాను, అక్కడే ఉంటున్నాను. ఏటా దరఖాస్తు పెడతాను, ఏటా తిరస్కరిస్తారు. కారణం డాక్టర్ ఎనియోలా కోకర్ గారు స్వయంగా సెలవిచ్చారు. ఆవిడ సంస్థ డైరెక్టరు, మహా విదుషి.

“చూడు కమోరూ, రెసిడెన్సీ అంటే ఉన్నచోటు వదిలి కొత్తచోట ఉండటం. నువ్వేమో ఇక్కడే ఉన్నావు. ఇక్కడున్నవాణ్ణి తెచ్చి ఇక్కడెట్లా ఉంచను చెప్పు?”

కాదనడానికి వీల్లేని తర్కం. అందుచేత మా పేట కళాకారులు పొరుగు దేశాల్లోని ఆక్రాకో డకారుకో పోయి అక్కడ నివసిస్తారు, అక్కడివాళ్ళు వచ్చి ఇక్కడ నివసిస్తారు. మా లుక్మన్ ఒక రెసిడెన్సీ నుంచి మరొకదానికి తిరుగుతూ ఇంటి మొహం చూసి ఏళ్ళయింది. వాడి కళకు వస్తువు ‘ఇల్లు’. ఆ విషయంలో వాడు ఖండాంతర ఖ్యాతి గడించాడు. వాళ్ళమ్మ మాత్రం వాణ్ణి పోస్టర్ల మీదే చూస్తోంది.

అలాగని పేటలో మిగిలిపోయిన మాకు పని లేదనుకోకండి. మేము ‘సమాజం’. ప్రదర్శన జరిగినప్పుడల్లా వెళ్ళి నిలబడాలి, తల ఊపాలి, పఫ్‌పఫ్ బూరెలు తినాలి, ఫొటోల్లో పడాలి. మా వీధికి కరెంటు వచ్చేది పండగలకూ పబ్బాలకూ గనక, వరండా జనరేటరు దగ్గర ఫోన్లు చార్జింగు పెట్టుకోవడానికి రోజూ మూగుతాం. దీన్ని సంస్థ వార్షిక నివేదికలో ‘స్థానిక కళాకారులతో నిరంతర సంభాషణ’ అని రాశారు. అబద్ధం కాదు. ప్లగ్గు కోసం మేము పడే వాదులాటలు నిరంతరంగానే సాగుతాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. వరండాకు ఎదురిల్లు ఇయా మోదీనాది. మోదీనా తల్లి గనక ఆ పిలుపు. అసలు పేరు ఆమెకూ గుర్తున్నట్టు లేదు. భర్త పోయాడు. ఐసు చేపలు అమ్మి కూతుర్ని చదివించింది. ఆ ఇంటి రేకు గేటు మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో ఇలా రాసి ఉండేది: ‘ఈ ఇల్లు అమ్మకానికి లేదు. మోసగాళ్ళున్నారు, జాగ్రత్త.’

లాగోస్‌లో సొంత ఇల్లూ, ఆశపోతు బంధువూ ఉన్నవాళ్ళెవరైనా ఈ ముక్క రాయించుకుంటారు. ఇంటివాళ్ళు బజారుకు వెళ్ళిన వేళ చూసి బేరగాళ్ళను తీసుకొచ్చి, ఇల్లు తనదేనని చూపించి, బయానా పుచ్చుకుని మాయమవడం మావాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. ఇయా మోదీనాకు ఒక మరిది ఉన్నాడు, ముఫుతావు. హజ్ చేసి వచ్చిన పుణ్యాత్ముడు గనక అందరూ అల్హాజీ అంటారు. అన్న మంచాన ఉండగానే ఆ ఇంటి గోడలు జానలతో కొలిచాడు. ఆ ఎర్ర అక్షరాలు చూసి పదేపదే వెనక్కి పోయాడు.

ఇలా ఉండగా స్విట్జర్లాండు నుంచి ఉర్సినా అనే కళాకారిణి రెసిడెన్సీకి వచ్చింది. మంచి పిల్ల, చీమకైనా హాని తలపెట్టదు. మొదటి రోజు పొద్దున్నే గేటు దాటి బయటికి రాగానే ఎదురుగా ఆ ఎర్ర అక్షరాలు కనిపించాయి. వాటి ముందు నిలబడిపోయింది. కళ్ళు చెమర్చాయి. డాక్టర్ కోకర్ గారిని పిలుచుకొచ్చి, ఈ మాటలు రాసిందెవరో అడగమంది.

“నేనే రాయించానమ్మా,” అంది ఇయా మోదీనా, చేప పొలుసు గీకుతూనే. “మా మరిది ఒట్టి దొంగవెధవ. అందుకని.”

డాక్టర్ కోకర్ గారు దీన్ని ఇంగ్లీషులోకి మార్చారు. మార్చడానికి చాలాసేపు పట్టింది. మార్కెట్టు మీద తిరుగుబాటనీ, సర్వమూ సరుకైపోయిన కాలంలో ఒక నల్లజాతి స్త్రీ పలికిన మహా నిరాకరణ అనీ వచ్చింది. మరిది ఎక్కడో జారిపోయాడు.

ఆ గేటును ప్రదర్శనకు పెట్టాలని నిర్ణయం జరిగింది. ఇయా మోదీనా ససేమిరా అంది. అప్పుడు వరండా జనరేటరు నుంచి ఆమె చేపల ఫ్రీజరుకు ఒక వైరు లాగిస్తామన్నారు. ఎండాకాలం కరెంటు లేక చేపలన్నీ కుళ్ళి, తీసుకెళ్ళి మురుక్కాలవలో పోసిన మనిషి. పొలుసు గీకే ఆమె చెయ్యి ఆగింది. మిగతా పని పూర్తిచేయమని నన్ను పంపించారు. నాకిందులో స్వార్థం ఏమీ లేదు. ఆ ఏటి నా దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంది, అంతే.

“ఇయ్యమ్మా, పదిహేను రోజులేగా. మన వీధి పేరు స్విట్జర్లాండులో వినపడుద్ది.”

“నీకేంరా, నీ గేటు కాదుగా. ఆ ముఫుతావుగాడు చూస్తే?”

“వాళ్ళ దగ్గర గేటు భద్రంగా ఉంటది. గోడ మీద కరెంటు తీగ కూడా ఉందిగా.”

“తీగ గేటుకి కాపలారా. నా ఇంటికెవడు కాపలా?”

“నేన్లేనూ?”

నా మీద నమ్మకంతో ఆమె వరండా వాళ్ళ కాగితం మీద వేలిముద్ర వేసింది. చిన్నప్పుడు నాకు ఉగ్గు కలిపి పోసిన వేలే అది.

పాత గేటు ఊడదీసి, బదులుగా తెల్లటి కొత్త గేటు బిగించారు. దాని మీద కూడా ఆ ముక్క రాయించమని ఇయా మోదీనా అడిగింది. అది కుదరదన్నారు. ఒకే కృతి రెండుచోట్ల ఉంటే అది కృతి కాదట, నకలట. ఊరుకోలేక మర్నాడు మోదీనా చేత సుద్దముక్కతో రాయించింది. సంస్థ ఉద్యోగి ఒకాయన తడిగుడ్డ తెచ్చి, ఎంతో మర్యాదగా తుడిచేసి వెళ్ళాడు.

“తప్పమ్మా. మీ కృతిని మీరే కాపీ కొడుతున్నారు. వేలిముద్ర వేశారు కదా, హక్కులు ఇప్పుడు వరండావి.”

తన ఇల్లు అమ్మనని చెప్పే హక్కు ఆమె ఆ విధంగా కళకు ధారపోసింది. ఇంతటి త్యాగం మా పేటలో మునుపెవరూ చేయలేదు.

శనివారం మధ్యాహ్నం ప్రదర్శన. గేటును తెల్లటి గదిలో పైనుంచి దీపాలు వేసి నిలబెట్టారు. మా పేటలో అంత వెలుతురు ఏ మనిషి మీదా పడి ఎరగదు. ఇయా మోదీనా తలకు పెద్ద గెలె గుడ్డ చుట్టుకుని, లేసు బట్ట కట్టుకుని, కిటికీ పక్కన ముందు వరసలో కూర్చుంది. డాక్టర్ కోకర్ గారు ఉపన్యసించారు.

“మిత్రులారా! ఈ గేటు మనతో ఏమంటోంది? అమ్మకానికి లేను అంటోంది! ఈ మహాతల్లి ఇల్లు కేవలం ఇల్లు కాదు. అది మన జ్ఞాపకం, మన ఆత్మగౌరవం, మన ఖండం! దానిని ఎవరు కొనగలరు?”

అదే సమయంలో ఎదురింట్లో ముఫుతావు అల్హాజీ తెల్ల అగ్బాడా అంగీ చేతులు ఎగదోసుకుంటూ, టేపు పట్టుకున్న ఇద్దరు మనుషులకు ఇల్లు చూపిస్తున్నాడు. ఇయా మోదీనా కిటికీలోంచి చూసి లేచి నిలబడింది.

“అదుగో, ముఫుతావు నా ఇల్లు అమ్మేస్తున్నాడు! అయ్యా, ఎవరన్నా రండయ్యా! తలుపు తియ్యండయ్యా!”

సభలో చప్పట్లు మోగాయి. గేటు మీది మాటలను ప్రాణమున్న దేహంలోకి తెచ్చిన అపూర్వ ఘట్టమని ఒక విమర్శకుడు అక్కడికక్కడే నోటు రాసుకున్నాడు. ఉర్సినా ఏడుస్తూ ఆమెను కౌగిలించుకుని చాలాసేపు వదల్లేదు. ప్రదర్శన మధ్యలో తలుపు తీయరాదన్న నిబంధనను కాపలావాడు తు.చ. తప్పక పాటించాడు. నేను చప్పట్లు కొట్టానని కొందరంటారు. అందరూ కొడుతున్నప్పుడు ఒక్కడూ చేతులు కట్టుకు నిలబడితే బాగుంటుందా?

తలుపు తెరిచే సరికి బేరం కుదిరింది.

పోలీస్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముఫుతావు బహు శాంతంగా మాట్లాడాడు.

“వదినా, నిజంగా అమ్మకూడదనుకుంటే గేటు మీద రాయించాలి గదా. ఊళ్ళో అందరూ రాయిస్తారు. నువ్వు తెల్లగేటు పెట్టావు. నేనేమనుకోవాలి?”

“రాయించానురా పాపిష్టోడా! అదుగో, ఆ మేడలో ఉంది!”

ఇన్‌స్పెక్టరు బాధ్యత తెలిసిన మనిషి. మేడలోకి వెళ్ళి గేటును పరిశీలించాడు. పక్కనున్న అట్ట మీది వివరణ చదివాడు. ‘ఈ వాక్యం ఏ ఒక్క ఇంటికీ చెందినది కాదు, ప్రపంచంలోని ప్రతి ఇంటికీ చెందినది’ అని ఉంది. సంతకం చూస్తే డాక్టరేటు ఉన్నావిడది. గేటుకూ ఎదురింటికీ సంబంధం లేనట్టు అక్కడే రుజువైందని రాసుకుని వెళ్ళిపోయాడు. గేటు అప్పటికే స్విట్జర్లాండులో ఎవరో కొనుక్కున్నారు.

ఇల్లు కొన్నదెవరని పాఠకులకు సందేహం రావచ్చు. వరండాయే కొంది, ఆ టేపు మనుషులు వాళ్ళు పంపినవాళ్ళే. స్థానిక సమాజానికి మరింత చేరువ కావడానికి వాళ్ళకు చాలాకాలంగా స్థలం అవసరమైంది. డాక్టర్ కోకర్ గారికి ఇందులో ఏ దురుద్దేశమూ లేదు. ఎదురిల్లు అమ్మకానికి వచ్చిందన్నారు, గేటు చూస్తే ఏమీ రాసి లేదు, కొన్నారు. ఆ ఇంటిని స్టూడియోలుగా మార్చి ఇయా మోదీనా పేరే పెట్టారు. ఆమె పేరు ఇప్పుడు రాగి రేకు మీద ఉంది. ఆమె మాత్రం ఊరవతల ఇకొరోడులో చెల్లెలింట్లో ఉంది. ఫ్రీజరుకు వైరు లాగించారు కూడా, మాట తప్పలేదు. ఫ్రీజరు అక్కడ లేదు, అంతే. ఫ్రీజరు ఉండిన గదిలో ఒక బల్ల వేసి, నన్ను ‘పేట ప్రతినిధి’గా కూర్చోబెట్టారు.

అన్నిటికంటే ఆనందకరమైన వార్త చివరికి దాచాను. కొత్త స్టూడియోల్లో మొట్టమొదటి ఆహ్వాన కళాకారిణిగా ఇయా మోదీనానే ఎంపిక చేశారు. ఇప్పుడామె మా వీధిలో ఉండటం లేదు గనక నిబంధనలకు పూర్తిగా అర్హురాలు. ఆమె కోడలిగా అడుగుపెట్టిన గదే ఆమెకు కేటాయించారు. ఆమె వచ్చింది. పొద్దున్నే వాకిలి ఊడ్చింది, వంట చేసింది, భర్త పోయిన మంచం ఉండే మూల చాప వేసుకుని పడుకుంది. ‘ఇంట్లో ఉండటం’ అనే ఈ దీర్ఘ ప్రక్రియను చూడటానికి బస్సుల్లో విద్యార్థులొచ్చారు.

గడువు ముగిసిన రోజున సభ పెట్టి, శాలువా లాంటి బట్ట కప్పి, ఆమె పెట్టె బయట పెట్టారు. ఆమె గడప మీద కూర్చుంది. లేవలేదు. మోదీనా చెయ్యి పట్టుకుని లాగినా లేవలేదు. జనం చప్పట్లకు సిద్ధంగా ఉన్నారు. ఆమె కేకలేమీ వేయలేదు. ముందు వరసలో ఉన్న నావైపు చూసి, అందరికీ వినపడేంత మామూలు గొంతుతో అంది:

“కమోరూ, నువ్వు అడిగితేనే గదరా గేటిచ్చాను.”

ఎంత గొప్ప వాక్యం. ఒక్క మాట తీసేయడానికి లేదు. ఇద్దరు కాపలావాళ్ళు ఆమెను రెక్కలు పట్టుకుని పక్కకు కూర్చోబెట్టాక, మరిచిపోకముందే రాసుకున్నాను. నా కొత్త ప్రదర్శనకు అదే శీర్షిక. ఆక్రాలో మూడు నెలలు ఉండి దాని మీదే పనిచేయమని నాకు ఆహ్వానం కూడా వచ్చింది. వెళ్ళే ముందు మా ఇంటి గేటు మీద ఎర్ర రంగుతో నాలుగు ముక్కలు రాయించాను. నాకూ ఒక తమ్ముడున్నాడు.

ప్రదర్శన వచ్చే శనివారం వరండాలోనే, నేను ఆక్రా వెళ్ళకముందే. జనరేటరు ఉంటుంది, పఫ్‌పఫ్ ఉంటుంది. మీరు తప్పక రావాలి. ఏం చేయాలో మీకు చెప్పక్కర్లేదు. ఇంతదాకా నవ్వుతూ చదివారు గదా, చప్పట్లు వాటంతటవే వస్తాయి.