అప్పడాలొత్తిన చేతికి ఆరోగ్య కార్డు

జబ్బు పడదలుచుకున్నవాళ్ళు ఆలస్యం చేయకండి. ఇంత మంచి కాలం మళ్ళీ రాదు!

ఆరోగ్య బీమాను సంస్కరించారు. పాత కార్డు చెల్లదు, కొత్తది తీసుకోవాలి. అదుంటే దేశంలో ఏ మూలనైనా వైద్యం ఉచితమట. ఒడిశాలోని బరంపురంలో పుట్టి బరంపురంలోనే దగ్గుతున్న నాబోటివాడు ఇకమీదట జైపూర్‌లో దగ్గవచ్చు, గౌహతిలో జ్వరం తెచ్చుకోవచ్చు. స్వాతంత్ర్యమంటే ఇంకేమిటి?

పాత పద్ధతి మరీ నాసిరకం. కార్డు చూపించగానే ఆసుపత్రిలో చేర్చుకునేవారు. అంత తేలిగ్గా దొరికే వైద్యానికి విలువేముంటుంది చెప్పండి? ఇప్పుడు మనం మనమేనని ముందు మెషీన్ ఒప్పుకోవాలి.

మా అప్ప వాసవీకుమారి సంగతే తీసుకోండి. అప్పంటే నా తోడబుట్టిన అక్క. నలభై ఏళ్ళుగా ఇంట్లో అప్పడాలు ఒత్తి మా కొట్టుకు పంపుతోంది. అవి దిగపహండి, భంజనగర్ దాకా వెళ్తాయి. ఆ మధ్య ఆమె రెండు కళ్ళకూ శుక్లాలొచ్చాయి. నూనె కాగిందో లేదో కనబడక ఒకరోజు చెయ్యి కాల్చుకుంది. అందుకే కార్డు సెంటర్‌కు తీసుకెళ్ళాను.

అక్కడ కూర్చునే జగదీష్ మెషీన్ ముందుకు జరిపాడు. అప్ప బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చూపుడు వేలు పెట్టింది. మళ్ళీ ఎర్ర లైటే. పది వేళ్ళూ అయిపోయాయి. పిండీ, కర్రా కలిసి ఆ వేళ్ళ మీద గీతలన్నీ ఎప్పుడో అరగదీసేశాయి!

“ఏటిరా, నా ఏళ్ళు నావి కావంతాదా ఇది?” అని అప్ప నన్నడిగింది.

“ఏళ్ళు పడకపోతే కళ్ళున్నాయి పిన్నీ. ఇందులోకి సూడండి,” అన్నాడు జగదీష్.

ఎంత ముందుచూపు! వేళ్ళు అరిగినవాళ్ళ కోసం కంటిపాప స్కానర్ పెట్టారు. అప్ప కళ్ళు విప్పార్చి చూసింది. మెషీన్ చాలాసేపు ఆలోచించి ఎర్ర లైటు వెలిగించింది.

“శుక్లాలు అడ్డొస్తన్నాయి పిన్నీ. ఆపరేషన్ సేయించుకొని రండి, అప్పుడు పడతాది.”

“ఆ ఆపరేషన్ కోసమే కద నాయనా, కార్డు.”

“అవును పిన్నీ. కార్డు లేకుండా ఆపరేషన్ సెయ్యరు,” అని ఒప్పుకున్నాడు. ఎంత నిజాయితీపరుడు!

దీన్ని ఇబ్బంది అనేవాళ్ళతో నేను ఏకీభవించను. నాలుగు నెలల్లో పదకొండుసార్లు ఆ సెంటర్‌కు నడిచాం. నడక ఒంటికి మంచిదని డాక్టర్లే అంటారు కదా? క్యూలో చిలికా ఒడ్డున ఉన్న రంభ ఊరి నుంచి వచ్చిన జాలరి ఒకాయనతో వియ్యమందుకునేంత స్నేహం కుదిరింది. వలలు లాగిన ఆయన వేళ్ళూ పడలేదు. కొట్లో ఫ్యాను కింద కూర్చునే నా వేలికి మాత్రం తాకీ తాకగానే పచ్చలైటు! నా కార్డు అక్కడికక్కడే వచ్చేసింది. ఇక నాకు జబ్బొక్కటే తక్కువ.

చివరికి అప్ప గాజులు తాకట్టు పెట్టి రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించాం. నెల తర్వాత స్కానర్ ముందు కూర్చోబెడితే పచ్చలైటు వెలిగింది. జగదీష్ సంతోషంగా కార్డు చేతిలో పెట్టాడు.

“ఇంక కళ్ళ ఆపరేషన్ ఉచితమే పిన్నీ,” అన్నాడు.

అప్ప కార్డు మీది ఒడియా అక్షరాలు కళ్ళద్దాలు లేకుండా గడగడా చదివింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

“ఒరే, ఇది నయమైపోయినోళ్ళకిచ్చే కార్డేట్రా?”

సంస్కరణను ఇంతగా పొగిడిన నాకు సిగ్గేసింది. నా కార్డు జేబులోంచి బయటికి తియ్యలేదు.