కప్పు కింద శుభాకాంక్షలు

దోన్యా రోసాల్బా కనిపెట్టిన శుభాకాంక్షల కార్డు ఎవరికైనా ఇట్టే తట్టే విషయమేనని తేల్చడానికి బొగోటా పేటెంట్ల కార్యాలయపు పరీక్షకురాలు డాక్టర్ ఎల్వీరా ఉమాన్యాకు ఏడాదిన్నర పట్టింది. ఇంత తేలికైన సంగతి ఇంత త్వరగా తేలడం అరుదని పై అధికారులు మెచ్చుకున్నారు.

ఆ కార్డు చూడటానికి ఖాళీ అట్టముక్క. మీద వేడి చాక్లెట్ కప్పు పెడితే రాత తేలుతుంది, చల్లారితే మాయమవుతుంది. పేటెంటు రాకపోతే పెద్ద అచ్చు కంపెనీ అవే కార్డులు బజారులో కుప్పలు పోస్తుంది, రోసాల్బా కాగితాల కొట్టు మూతపడుతుంది. అయితే చట్టానికి కొట్లతో పనిలేదు. ఆ రంగంలో సగటు నైపుణ్యం గల వ్యక్తికి అది తట్టేదా, లేదా అన్నదే ప్రశ్న; తట్టేదైతే పేటెంటు లేదు. సదరు వ్యక్తి లోకంలో అచ్చయినదంతా చదివి ఉంటాడు, సొంతంగా ఒక్క ఆలోచనా చేసి ఉండడు. ఆయనను ఎవరూ చూడలేదు గనుక ఆయన బదులు ఎల్వీరాయే ఆలోచించేది. చదువులో స్వర్ణపతకం పొందిన ఆమెలాంటి మనిషి సగటుగా ఆలోచించడం ఎంత శ్రమో పతకం లేనివారికి తెలియదు.

నిమ్మరసంతో రాసి వేడి చూపితే అక్షరాలు తేలతాయని తాతల నాడే తెలుసు. చాక్లెట్ వేడిగా ఉంటుందనీ, కప్పుకు అడుగు ఉంటుందనీ తెలుసు. కనుక కార్డు స్వయంవిదితం.

"అంత తెలిసిందే అయితే ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెయ్యలేదు డాక్టరమ్మా?" అని విచారణలో రోసాల్బా అడిగింది.

"అంత తేలిక గనకే చెయ్యలేదమ్మా," అంది ఎల్వీరా. ఆ వాక్యం ఉత్తర్వులోకి ఎక్కింది. సంతకమొక్కటే మిగిలింది.

అది సెప్టెంబరు. కార్యాలయంలో రహస్య మిత్రుల ఆట నడుస్తోంది. చీటీలో ఎవరి పేరు వస్తే వారి బల్ల మీద, తానెవరో తెలియనివ్వకుండా, రోజూ ఏదో తీపి పెట్టాలి. ఒకనాడు ఎల్వీరా బల్ల మీద పొగలు కక్కే చాక్లెట్, పక్కన ఖాళీ కార్డు కనిపించాయి. ఆమె చాక్లెట్ తాగింది. కార్డును అటూ ఇటూ తిప్పి, మిత్రుడి పిసినారితనానికి నిట్టూర్చి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపింది.

ఆట ముగిసి పేర్లు బయటపడ్డ రోజున దస్త్రాల గది గుమస్తా ఎఫ్రాయిన్ వచ్చి నిలబడ్డాడు.

"ఆదివారం సినిమాకి రమ్మని రాశాను డాక్టరమ్మా. రెండు టికెట్లూ నా జేబులోనే ఉండిపోయాయి."

"ఎక్కడ రాశారు?"

"రోసాల్బా గారి కార్డులో. కప్పు పక్కనే పెట్టాగా. ఎవరికైనా ఇట్టే తడుతుందని మీరే తేల్చారు కదా, ఇక విడమర్చి చెప్పడం మర్యాద కాదనుకున్నా."

ఎల్వీరా తలుపు వేసుకుని కార్యకారణాలు విచారించింది. దరఖాస్తు కంఠతా వచ్చు. కార్డు చేతిలో, కప్పు ఎదురుగా. అయినా తట్టలేదు. కాబట్టి రోసాల్బాకు పేటెంటు రావాలి. అందుకు ఉత్తర్వులో ఒక్క వాక్యం చాలు: 'ఇది నాకు తట్టలేదు.' చిక్కల్లా ఒక్కటే. ఆ సాక్ష్యం చెల్లాలంటే, తాను సగటు వ్యక్తినని ఆమె ధ్రువీకరించాలి.

ఆమె కలం తీసుకుని తిరస్కరణ మీద సంతకం చేసింది.

డిసెంబరుకల్లా బజారు నిండా కంపెనీ కార్డులే. రోసాల్బా అప్పీలు చేసుకుంది. 'ఈ కార్డు నాకు తట్టేది కాదు' అని సాక్ష్యం చెప్పగల సగటు వ్యక్తి ఒక్కరు కావాలని పత్రికల్లో ప్రకటించింది. ఇంతవరకూ దేశంలో ఒక్కరూ ముందుకు రాలేదు. ఇది చదువుతున్న తమరు అందుకు అర్హులు కారని వేరే చెప్పనక్కర్లేదు.