ఆరు నిమిషాల మహానటన

మా చలనచిత్ర సంఘంలో ఇరవై ముగ్గురు సభ్యులం. ఇరవై ఇద్దరం విమర్శకులం. మిగిలిన ఒకాయన ప్రొజెక్టరు నడుపుతాడు. కాబట్టి ఆయనకు అభిప్రాయాలు ఉండవని ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం.

సంఘ కార్యదర్శి తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. పగలంతా కొట్లలో కాటాలు తనిఖీ చేసి, సాయంత్రం దేశదేశాల నటుల్ని తూస్తాడు. ఆయన పరిశోధనలో తేలిన సూత్రం ఒకటే: నటుడి దేశం ఎంత దూరమైతే నటన అంత గొప్పది. మంచు దేశపు నటుడు దుఃఖాన్ని ఒక్క కనుబొమతో చెబుతాడు. ద్వీపదేశపు నటుడు అది కూడా కదపడు, మనకు వీపు చూపిస్తాడు. మనవాడో, తను ఏడ్చి, పక్కవాడి భుజం తడిపి, ఇంకా మిగిలితే ముందు వరసకు పంచుతాడు. ఈ మాట చెప్పేటప్పుడు కార్యదర్శి సిగ్గుతో తల దించుకుంటాడు. ఆయన్ని చూసి మేమూ దించుకుంటాం.

ఈసారి వ్యవహారం ఆయన ఇంటిదాకా వచ్చింది. సంఘం వేసే నాటకంలో తండ్రి పాత్రకు ఇద్దరు పోటీపడ్డారు. ఒకడు అధ్యక్షులవారి అల్లుడు. రెండోవాడు కార్యదర్శి బావమరిది, దర్జీ. పాతికేళ్లుగా భటుడు, బంట్రోతు వేషాలే వేసి, ఇప్పుడు నలభై రోజులుగా మిషను తొక్కుతూ ఈ పాఠం వల్లిస్తున్నాడు.

"వాడికి ఈ ఒక్క వేషం దొరికితే చాలండి. ఇంకేమీ అడగను," అంది ఎంపిక రోజు ఉదయం కార్యదర్శి భార్య.

ఆయనకూ ఇవ్వాలనే ఉంది. కానీ ఎవరినైనా తూచడానికి ముందు ప్రమాణమంటూ ఒకటి ఉండాలి కదా. అందుకని ఆ సాయంత్రం మొదట మంచు దేశపు మహానటుడి ఘట్టం ఒకటి వేయించాడు. కొడుకు పోయాడన్న ఉత్తరం తండ్రికి అందుతుంది. తర్వాత మనవాళ్లిద్దరూ అదే చేసి చూపించాలి.

తెర మీద తండ్రి ఉత్తరం విప్పాడు. చూశాడు. అలాగే ఉండిపోయాడు.

"గమనించండి, రెప్ప కూడా వేయడు. ఈ నిగ్రహం మనవాళ్లకు ఏడు జన్మలెత్తినా రాదు," అన్నాడు కార్యదర్శి.

రెండో నిమిషంలో రిటైర్డు హెడ్మాస్టరుగారు కళ్లు ఒత్తుకున్నారు. మూడో నిమిషంలో ఇంకెవరో గుండె పట్టుకున్నారు. నాలుగో నిమిషంలో కార్యదర్శి చూపు నటుడి వెనకున్న కిటికీ కర్టెను మీద పడింది. గాలికి లేచిన కర్టెను లేచినట్టే ఉంది. బల్ల మీది టీ ఆవిరి కూడా మధ్యదారిలో ఆగింది. ఆయనకు సంగతి అర్థమైంది. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఆయన మాట అప్పటికే మా అందరి నోటుపుస్తకాల్లోకి ఎక్కేసింది.

ప్రొజెక్టరు ఆయన వంగి, "సార్, మిషను పట్టేసింది. బొమ్మ ఆగిపోయింది," అన్నాడు మెల్లగా.

"బొమ్మ ఆగలేదు. మనల్ని ఆపింది," అన్నాడు కార్యదర్శి, అందరికీ వినపడేలా. అదీ రాసుకున్నాం.

ఆరో నిమిషంలో ప్రొజెక్టరు ఆయన మిషను నెత్తిన ఒక్కటిచ్చాడు. అంతే, మహానటుడు ఉత్తరం విసిరేసి, బల్లకేసి తల బాదుకుంటూ లబోదిబోమన్నాడు. హాలంతా నీరసపడింది. చివర్లో చెడగొట్టాడనీ, మన సినిమాలేవో చూసి ఉంటాడనీ హెడ్మాస్టరుగారు బాధపడ్డారు.

తర్వాత బావమరిది వచ్చాడు. ఉత్తరంలో మొదటి వాక్యం పైకి చదివాడు. రెండోది చదవలేకపోయాడు. కాగితాన్ని పాత మడతల ప్రకారమే మడిచి, ఒళ్లో పెట్టుకుని, ఇస్త్రీ చేస్తున్నట్టు అరచేత్తో నిమిరి, అప్పుడు గొంతు విడిచి ఏడ్చాడు. కార్యదర్శి ఏ దేశపు నటుడికీ రాల్చని కన్నీళ్లు బొటబొటా రాల్చాడు. చీకటిగా ఉంది కాబట్టి పరువు దక్కింది.

అల్లుడికి పాఠంలో ఒక్క ముక్క రాదు. ఉత్తరం పట్టుకుని, ఏం చేయాలో తోచక, మామగారి వైపు గుడ్లప్పగించి నిలబడ్డాడు. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

కార్యదర్శి తీర్పు చెప్పాడు. "బంధుత్వం వేరు, కళ వేరు. నటన అంటే ఏమీ చేయకపోవడం. మా బావమరిది చాలా చేశాడు."

"సరే బావా. నాకంత రాదు," అని బావమరిది చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో భార్య తమ్ముడి సంగతి అడిగితే, అతి చేశాడన్నాడు కార్యదర్శి.

"మరి మీ కళ్లేంటి అలా ఉబ్బాయి?"

"హాల్లో దుమ్ము."

ఆమె ఆయన చేతికి తువ్వాలిచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆయనకు సిగ్గేసింది, ఈసారి నిజంగానే. అయితే కార్యదర్శికి సిగ్గేస్తే తీర్పు మార్చవచ్చునన్న నిబంధన సంఘం నియమావళిలో లేదు.

నాటకం జరిగింది. అల్లుడు ఉత్తరం పట్టుకుని పదకొండు నిమిషాలు నిలబడ్డాడు. ఒక్కరూ దగ్గలేదు. మీరూ వచ్చారు, మూడో వరసలో కూర్చున్నారు. పక్కవాడు చప్పట్లు మొదలుపెట్టేదాకా ఆగి, ఆ తర్వాత అతనికంటే గట్టిగా కొట్టారు. ఆ పక్కవాణ్ణి నేనే. మీ చేతులు కదిలాయనుకుని కొట్టాను.