అడుగున్నర ఎత్తు నేరగాడు

"బళ్లారి జిల్లా మొత్తమ్మీద బుర్ర వాడేటోళ్లు ఇద్దరే ఇద్దరు," అన్నాడు టైటస్, టీ గ్లాసు కింద పెడుతూ. "ఒకడు నేను. రెండోవాడెవుడో ఇంకా దర్యాప్తులో ఉండాది."

వాళ్లక్క కృపమణి ఆ గ్లాసు తీసి పక్కన పెట్టింది. తమ్ముడి బుర్ర సంగతి ఆమెకు చిన్నప్పట్నుంచీ తెలుసు. కురుగోడులో జెరాక్సు అంగడి నడుపుకునే టైటస్, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో డిటెక్టివ్. ఇంతవరకు తేల్చిన కేసు ఒక్కటే. చర్చి గుమ్మం దగ్గర పాస్టరుగారి చెప్పులు పోతే, సంఘంలోని ప్రతి కుటుంబాన్నీ నిలదీసి, చివరికి వాటిని పట్టుకున్నాడు. అవి టైటస్ కాళ్లకే ఉన్నాయి. "నేరం మనకెంత దగ్గర్లో ఉంటాదో చూడండి," అని అందరికీ హితబోధ కూడా చేశాడు.

అయినా ఈ రోజు తోరణగల్లులోని తన ఇంటికి రమ్మని అతనికి ఫోను చేసింది కృపమణే. కోడలు కెరోలిన్ బట్టలు సర్దిన సంచి గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. సాయంత్రం బస్సుకు పాపను తీసుకుని సిరుగుప్పకు, పుట్టింటికి పోతానంటోంది. కొడుకు ఎరిక్ ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాడు. పాప లేని ఇల్లు ఎట్లా ఉంటుందో తలుచుకుంటేనే కృపమణికి అన్నం దిగడం లేదు. ఆపద ముంచుకొచ్చేటప్పుడు ఎవరో ఒకరిని పిలవాలి కదా. ఫోనెత్తింది టైటస్ ఒక్కడే.

"అసలేం జరిగింది, కెరోలినమ్మా? ఏదీ దాచొద్దు," అన్నాడు టైటస్.

కెరోలిన్ పాపను చాప మీద బోర్లా పడుకోబెట్టింది. పాప పేరు డెబోరా, ఎనిమిదో నెల. ఆమె ప్రస్తుతం పాకడం మీద పరిశోధనలో ఉంది. చేతులు నేలకానించి, పిర్రలు పైకెత్తి, కదలబోయే రైలింజనులా ముందుకూ వెనక్కీ ఊగుతుంది. కానీ బండి స్టేషను దాటదు.

"ఏముండాది, చిన్నమామా. పాప ఇంక పాకతాదేమో, ప్లగ్గులకు మూతలు, టీపాయికి మూలల తొడుగులు తెప్పిద్దామంటి. మామయ్య పకపకా నవ్వినాడు. 'మేం పిల్లోళ్లను పెంచలేదా, ఎరిక్‌కు తొడుగులేసినామా' అన్నాడు. సరే, ఊరుకుంటి. ఆ మరుసట్రోజు నుంచి మొదలు. చూడు ఈడ."

టైటస్ చూశాడు. గోడల కింది భాగంలో కంటికి కనబడే ప్రతి ప్లగ్గులోనూ ఎం-సీల్ ముద్ద కూరి ఉంది. టీపాయి మూలలకు హవాయి చెప్పు ముక్కలు అతికించి ఉన్నాయి. వంటింట్లో కింది అరల తలుపులు నైలాను తాడుతో ఎంత బిగించి కట్టి ఉన్నాయంటే, పప్పు డబ్బా తీయాలంటే కత్తి కావాలి. ఫినాయిలు సీసా బీరువా నెత్తినెక్కింది.

"మిక్సీ ప్లగ్గు గూడా మూసేసినారు. చట్నీ లేక నాలుగు దినాలైంది," అంది కెరోలిన్. "ఎవుర్నడిగినా మాకు తెలీదంటారు. నేనేదో అడిగినానని నన్ను ఎగతాళి చేస్తాండారు, అంతే గదా. ఎగతాళి చేసే ఇంట్లో నేనుండను."

"ఎగతాళా?" టైటస్ జాలిగా నవ్వాడు. "అమాయకురాలివి. దీని వెనక బ్రహ్మాండమైన కుట్ర ఉండాది. ప్లగ్గులెందుకు మూసినారు? ఫోన్లకు ఛార్జింగు లేకుండా. ఫోను లేకుంటే పోలీసులు లేరు. టీపాయికి రబ్బరెందుకు? ఎత్తుకపోయేటప్పుడు గోడకు తగిలి సద్దు గాకుండా. ఫినాయిలు బీరువా మీదికి ఎందుకెక్కించినారు?"

"ఎందుకు?" అంది కృపమణి.

"అది ఇంకా ఆలోచించల్ల."

మూల కుర్చీలో పేపరు వెనక నుంచి బావ గిద్యోను గొంతు వినిపించింది. "గ్యాంగే, టైటసప్పా. పెద్ద గ్యాంగు."

ఈ ఇంట్లో తన స్థాయిని గుర్తించిన మనిషి ఒకడున్నందుకు టైటస్ గుండె ఉప్పొంగింది. బావ దగ్గరికి పోయి, ఆయన వేళ్లకు అంటుకున్న తెల్లటి ముద్దను చూశాడు. అతని కన్ను తప్పించుకునేది ఏదీ ఉండదు.

"ఏందిది బావా?"

"పెరుగన్నం."

సాక్షికి పెరుగన్నం ఇష్టం, అని టైటస్ మనసులో రాసుకుని ముందుకు సాగిపోయాడు.

తర్వాత విచారణ ఎల్లక్కది. ఇల్లూడ్చడానికి వచ్చిన ఆ మనిషి కాళ్లకు చెప్పులు లేకపోవడం అతను గమనించాడు.

"చెప్పులేవీ?"

"బయట ఇడిసినాను గదప్పా. ఇంట్లోకి చెప్పులేసుకోని వస్తారా ఎవురైనా?"

"తెలివైన జవాబు. నువ్వు నిరపరాధివని చెప్పడానికి ఆధారముందా?"

"ఆధారు ఉండాది. ఇంట్లో పెట్టినా. తెచ్చేదా?"

"అక్కర్లేదు."

"మత్తె సుమ్నె మాటాడకుండా కాళ్లు పైకెత్తప్పా, కసువు నూకల్ల," అని ఎల్లక్క అతని కాళ్ల చుట్టూ చీపురు తిప్పి, తన దారిన వెళ్లిపోయింది.

టైటస్ గది మధ్యలో నిలబడి కళ్లు మూసుకున్నాడు. ప్లగ్గులు కింద. టీపాయి కింద. అరలు కింద. మెరుపు మెరిసింది.

"అక్కా, నేరగాడి ఎత్తు అడుగున్నర."

"అయ్యో ప్రభువా," అంది కృపమణి.

"లేదా పాక్కుంటూ వచ్చినాడు. మిక్సీ దగ్గర మాత్రం లేచినాడు. నేరం జరిగిన తీరును ఇప్పుడు మీ కళ్ల ముందర పెడతాను. ఎవురూ కదలొద్దు."

అతను ఫోను టార్చి వెలిగించి, గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ నేలకానించి బయల్దేరాడు. చెయ్యి, మోకాలు. చెయ్యి, మోకాలు. చాప పక్కగా పోతుంటే డెబోరా ఊగడం ఆపేసింది. ఇంతకాలం ఈ ఇంట్లో పెద్దవాళ్లంతా రెండు కాళ్ల మీద అర్థంపర్థం లేకుండా తిరుగుతున్నారు. మొదటిసారి ఒక మనిషి తిన్నగా, పద్ధతిగా పోతున్నాడు. ఆమె నోరు తెరిచి చూసింది.

"ఈ విధంగా హంతకుడు..." అంటూ టైటస్ దివాన్ కిందికి దూరాడు. హత్యేదీ జరగలేదని అతనికి గుర్తు చేసేవాళ్లు లేరు. సగం దూరాక బెల్టు దివాన్ కింది ఇనుప చట్రానికి తగులుకుంది. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. ఫోను చేతిలోంచి జారి ఫ్రిజ్ వైపు దొర్లింది. దాని వెలుగు ఫ్రిజ్ వెనక గోడ మీద పడి గుండ్రంగా నిలిచింది.

డెబోరా ఆ వెలుగును చూసింది. ఒక చెయ్యి ముందుకేసింది. మోకాలు దాని వెనకే వచ్చింది. ఆగింది. తను చేసిన పనికి తనే ఆశ్చర్యపోయినట్టు తల్లివైపు తిరిగి చూసింది. మళ్లీ చెయ్యి, మళ్లీ మోకాలు.

"అత్తమ్మా," అంది కెరోలిన్ గుసగుసగా, "పాకతాండాది."

కృపమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా, పేపరు గాల్లోకి ఎగిరింది.

"పట్టుకోండి. ఆ ఫ్రిజ్ ఎనక ప్లగ్గు ఇంకా మూయలేదు నేను. ఎం-సీల్ అయిపాయ."

అరుస్తూనే గిద్యోను కుర్చీలోంచి లేచి, కీళ్ల నొప్పులన్నీ మరిచి నేల మీద పడి, పాపకంటే ముందు జారుకుంటూ పోయి ఆ ప్లగ్గు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. డెబోరా తాపీగా చేరుకుని, ఆ చేతి మీద తన చేత్తో టపటపా కొట్టింది.

కృపమణి నోటి మీంచి కొంగు తీసింది.

"ఎవురు మూయలేదూ?" అంది కృపమణి.

గిద్యోను చెయ్యి తీయలేదు. తల కూడా ఎత్తలేదు. "నవ్వినాను గదా ఆ పొద్దు. తెల్లారి చూస్తే పాప ఊగతా ఊగతా టీపాయి మూల మీదికి వంగింది. ముక్కుకూ మూలకూ ఇంత సందు ఉండాది, అంతే. నాకు కాళ్లూ చేతులూ ఆడలా. చెప్దామంటే నోరు రాలా. అందరూ నిద్ర లేచేలోపల ఒక్కోటీ..."

కెరోలిన్ కిందికి వంగి పాపను ఎత్తుకుంది. "ఒక మాట అడగనా, మామయ్యా. మిక్సీ ప్లగ్గు నా భుజమంత ఎత్తులో ఉండాది. అదెందుకు మూసినారు?"

"పాప పెరగదా ఏంది?" అన్నాడు గిద్యోను, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

కెరోలిన్‌కు ముందు నవ్వొచ్చింది, తర్వాత కన్నీళ్లు వచ్చాయి, తర్వాత రెండూ కలిసి వచ్చాయి. మామగారికి చెయ్యి అందించి లేపింది. గుమ్మం దగ్గరి సంచి తెచ్చి దివాన్ మీద దబ్బున పడేసింది. కింద నుంచి ఒక మూలుగు వినిపించింది.

"కేసు ముగిసింది," అంది ఆ మూలుగు. "ముద్దాయి బావ అని పెరుగన్నం కాడే నాకు తెలుసు. కావాలనే దివాన్ కిందికి పోయినా. ఇంక ఎవురైనా బెల్టు ఇప్పండి."

ఎవరికీ ఆ తీరిక లేదు. కంపెనీ బస్సు దిగి ఎరిక్ వచ్చే వేళైంది, పాప పాకడం వాడికి చూపించాలి. డెబోరాను మళ్లీ చాప మీద పెట్టారు. పిలిచారు, చిటికెలేశారు, గిలక్కాయ ఆడించారు. ఆమె చతికిలబడి కూర్చుని బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

"చూపిస్తే గానీ రాదు దానికి," అని గిద్యోను మోకాళ్ల మీద దిగాడు. వెనక కెరోలిన్. ఆమె వెనక, కొంగు నడుముకు దోపుకుని, కృపమణి.

ఎరిక్ తలుపు తోసి లోపలికొచ్చేసరికి, వాళ్ల నాన్న, పెళ్లాం, అమ్మ వరసగా చాప చుట్టూ పాకుతున్నారు. దివాన్ కింద నుంచి రెండు కాళ్లు బయటికొచ్చి కొట్టుకుంటున్నాయి.

"ఎవురివి ఆ కాళ్లు?" అన్నాడు ఎరిక్.

"అది తర్వాత చెప్తా," అంది కెరోలిన్ ఆగకుండా. "నువ్వు ముందు బూట్లిప్పి మా ఎనకాల రా."

ఎరిక్ ఫ్యాక్టరీ హెల్మెట్టు పక్కన పెట్టి, బూట్లు విప్పి, మోకాళ్ల మీదికి దిగాడు. చాప మధ్యలో డెబోరా వేలు చప్పరిస్తూ, తన చుట్టూ తిరుగుతున్న వాళ్లను ఒక్కొక్కర్నీ తల తిప్పి చూసుకుంటూ కూర్చుంది.