జూలు లేని గుండెపోటు

భగవంతుడు తీరిగ్గా కూర్చుని చేసిన ఒక పెద్ద అడవిలో, గుండెజబ్బులకని ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి ఉండేది. రాజుగారికి, అంటే సింహానికి, ఒకసారి గుండెపోటు వచ్చి తగ్గింది. ఆ సంతోషంలో కట్టించాడు. చెడ్డవాడేం కాదు పాపం. వైద్యం అందరికీ ఉచితమే. మద్దిచెక్క కషాయం ఎప్పుడూ పొయ్యి మీద మరుగుతూనే ఉండేది. నొప్పి మొదలయ్యాక వాకిట్లో గుంజ నీడ జానెడు జరిగేలోపు ఆ కషాయం గొంతు దిగిందా, రోగి రామరామ అంటూ లేచి కూర్చునేవాడు. ఆలస్యమైతే రామనామం పక్కవాళ్లు చెప్పాల్సివచ్చేది.

పెద్దవైద్యుడు నక్కగారు. గుమ్మంలో ధవళయ్య అనే కొంగ. కొంగ పక్కన ఒక పెద్ద పలక.

రాజుగారికి నొప్పి వచ్చిన రోజున ఆయన ఎలా ఉన్నాడో నక్కగారు దగ్గరుండి చూసి రాయించిన పలక అది. రోగి గట్టిగా గర్జించాలి. కుడిచేత్తో జూలు పట్టుకోవాలి. మొహం తెల్లగా పాలిపోవాలి. ఈ మూడూ ఉంటే లోపలికి. లేకపోతే శొంఠినీళ్లు తాగించి ఇంటికి.

మూడేళ్లుగా ఈ అడవిలో ఒక్క ఆడజంతువు కూడా గుండెపోటుతో పోలేదని నక్కగారు ప్రతి సభలోనూ చెప్పుకునేవారు. అబద్ధం కాదు. పోయినవాళ్లందరూ గ్యాస్‌తో పోయినట్టే రాసి ఉంది.

ఇలా ఉండగా ఒకనాటి పొద్దున నీలవ్వ అనే ఎలుగుబంటి తేనెపట్టు కోసం చెట్టెక్కబోయి, సగంలోనే దిగిపోయింది. రెండు భుజాల మధ్య వీపు మీద ఎవరో బండ ఎత్తిపెట్టినట్టుంది. దవడ లాగేస్తోంది. బొచ్చు కింద చల్లటి చెమట. కాసేపు నడుం వాలిస్తే అదే సర్దుకుంటుందిలే అనుకుంది. పైకొమ్మ మీద పిల్లలిద్దరూ తేనె కోసం చూస్తున్నారాయె.

పక్క పొదలో ఉండే ముళ్లపంది సూదులమ్మ ఆ వాలకం చూసి ఒప్పుకోలేదు. తన అక్క కూడా ఇలాగే కాసేపు పడుకుంటానందని, ఆ కాసేపు ఇంకా అవలేదని చెప్పి, ముందుకు నెడుతూ ఆస్పత్రికి తీసుకొచ్చింది.

ధవళయ్య మర్యాదస్తుడు. ముందు నమస్కారం పెట్టాడు. తర్వాత ఒకసారి గర్జించమన్నాడు.

నీలవ్వకు మాటే కష్టంగా ఉంది. "అయ్యా, దవడ లాగుతోంది. వీపు బరువుగా ఉంది. ఊపిరి అందట్లేదు."

కొంగ పలక పైనుంచి కిందికి చదివాడు. దవడ ఎక్కడా లేదు. వీపు లేదు. జూలు పట్టుకోమంటే ఈమెకు జూలే లేదు. మొహం వంక చూశాడు. పుట్టినప్పటి నుంచీ నల్లగా ఉన్న మొహం పాలిపోయిందో లేదో ఎలా చెప్పడం? పైగా ఎలుగులకు తోలు మందం, నొప్పి అంత తెలియదు అని చదువుకునే రోజుల్లో గురువుగారు చెప్పారట.

"పిల్లలతో అలిసిపోయి ఉంటావు తల్లీ," అన్నాడు ప్రేమగా. "ఈ శొంఠినీళ్లు తాగి పడుకో."

అదే సమయానికి ఒక కుర్రసింహం వచ్చాడు. రాత్రి విందులో అడవిపంది మాంసం కాస్త ఎక్కువైంది. కడుపు పట్టేసి ఒక్క గర్జన గర్జించాడు. నాలుగు తోడేళ్లు పరుగున వచ్చి మోసుకుపోయాయి.

గుంజ నీడ జానెడులో సగం దాటింది. నీలవ్వ కొంగకు కనపడని పక్కగోడకు ఆనుకుని జారిపోయింది. "పిల్లల్ని నువ్వే చూసుకో వదినా," అంది.

"నేను ముద్దుచేస్తే నీ పిల్లలకు ఒళ్లంతా చిల్లులే మిగులుతాయి," అంది సూదులమ్మ. "మాట్లాడకుండా మెడ వంచు."

వంచింది. సూదులమ్మ ఇంత రెల్లుగడ్డి పీకి మెడ చుట్టూ జూలులా కట్టింది. సుద్దమట్టి తడిపి మొహానికి పులిమింది. కుడిచేయి ఎత్తి ఆ గడ్డిలో పెట్టింది. ఇక మిగిలింది గర్జన. అది నీలవ్వ వల్ల అయ్యేలా లేదు. సూదులమ్మ వెనక్కి తిరిగి, కులదైవానికి ఒక దండం పెట్టుకుని, ఒక పొడుగాటి ముల్లు ఆమె కూర్చునే చోట దింపింది.

ఆ కేకకు చెట్ల మీద పిట్టలన్నీ లేచిపోయాయి. ధవళయ్య పీట మీంచి పడి, లేచి, మహారాజా దయచేయండి అంటూ తలుపులు బార్లా తీశాడు.

నీడకు ఇంకా వేలెడు దూరం ఉందనగా కషాయం గొంతు దిగింది. సాయంత్రానికి నీలవ్వ లేచి కూర్చుని పిల్లలేరీ అని అడిగింది. అప్పుడు చూశారు, చెమటకు సుద్ద కరిగిపోయి ఉంది. జూలు కషాయం గిన్నెలో తేలుతోంది.

మర్నాడు సభ పెట్టారు. నక్కగారు లేచారు.

"ప్రభూ, ఎలుగులకు గుండెపోటు రాదు. అయినా ఈమెకు వచ్చింది. వచ్చినప్పుడు మెడలో జూలు ఉంది. కాబట్టి రోగానికి కారణం జూలే."

సభంతా తలలూపింది. నొప్పి ముందు వచ్చిందనీ, గడ్డి తర్వాత కట్టారనీ నీలవ్వ చెప్పబోయింది. ఆమెకు ఇంకా నీరసంగా ఉందని కూర్చోబెట్టారు.

జూలు ప్రాణాంతకమని దండోరా వేశారు. సింహాలన్నీ బారులుతీరి గొరిగించుకున్నాయి. రాజుగారు అందరికంటే ముందు గొరిగించుకుని ఆదర్శంగా నిలిచారు.

పదిరోజులు తిరిగాయి. పొద్దున్నే వాహ్యాళికి వెళ్లిన రాజుగారికి దవడ లాగింది. ఊపిరి ఆడలేదు. గొంతు పెగల్లేదు. ఎలాగో ఒక్కడే ఆస్పత్రి గుమ్మం దాకా వచ్చాడు. ధవళయ్య చూశాడు. జూలు లేదు, గర్జన లేదు. ఎవరో సింహపు ఆడపడుచు అనుకున్నాడు. తాను రాజునని ఆ రోగి గొణిగితే, శొంఠినీళ్ల పక్కన కలవరింతలు అని కూడా రాసుకున్నాడు.

కషాయం కోసం వచ్చిన నీలవ్వ ఆ చల్లటి చెమట చూసింది. దవడ మీద చేయి చూసింది. ఇది గుండెపోటేనని చెప్పింది. ధవళయ్య పలక చూపించాడు.

ఈసారి ఆమె ఎవరినీ అడగలేదు. కొంగను పీటతో సహా ఎత్తి పక్కన పెట్టింది. రాజును వీపుకెత్తుకుని లోపలికి నడిచింది. ప్రాణం దక్కింది.

కోలుకున్న రాజు పలక మార్చమన్నాడు. ఏం రాయాలని నీలవ్వనే అడిగారు. "రాయడం ఎందుకు ప్రభూ, వచ్చినవాళ్లని అడగండి. చెప్పింది నమ్మండి," అంది.

అంత ప్రమాదకరమైన వైద్యం ఎక్కడా లేదన్నారు నక్కగారు. రాజుగారి రెండో నొప్పిని క్షుణ్ణంగా పరిశీలించి, కొత్త పలక రాయించారు. మొదటి నియమం: రోగి ఎలుగుబంటి వీపు మీద రావాలి.

అప్పటినుంచి నీలవ్వకు తేనెకు వెళ్లే తీరికే లేదు. పొద్దస్తమానం అడవిలో నొప్పి వచ్చినవాళ్లందరినీ మోస్తూనే ఉంది. తనకే మళ్లీ నొప్పి వస్తే ఎవరి వీపు మీద రావాలో మాత్రం ఆ పలకలో రాయలేదు.

అందుకని తల్లులారా, తండ్రులారా, ఒంట్లో బాగోలేనప్పుడు పొరపాటున కూడా నిజం చెప్పకండి; ముందు గుమ్మంలో పలక చదువుకుని, దాని మీద ఏముంటే అది చెప్పండి.