మొద్దుబారిన రెండు వేళ్లకు జై!

చర్మానికి నొప్పీ వేడీ తెలియడం ఒట్టి దండగ వ్యవహారం! ఆషామాషీగా అంటున్న మాట కాదిది. చంద్రుడి మీద కాలు పెట్టి ఇన్నేళ్లయినా మనిషి వేడి గిన్నె తగలగానే "అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కుంటున్నాడంటే మనం సాధించిన ప్రగతి ఏపాటిది? చిన్న సీసాడు మందు, సన్నటి సూది. అంతటితో తీరిపోయే దానికి గ్లౌజులట, నీడట, మధ్యలో విశ్రాంతట!

నమ్మరా? అయితే జగ్గయ్యపేట దగ్గర దశరథరామయ్యగారి మిరప కల్లానికి రండి.

అక్కడ పన్నెండుమంది ఆడవాళ్లు పొద్దస్తమానం ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తుంటారు. వాళ్లలో పెద్దది ఆరోగ్యమ్మ. ముప్పై ఏళ్లుగా ఇదే పని. సాయంత్రానికి వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టు భగభగమంటాయి. ఇంటికెళ్లి గిన్నెడు మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చుంటుంది. మనవరాలు ఒళ్లోకి వస్తే మోచేతులతో దగ్గరకు తీసుకుంటుంది. వేళ్లతో ముట్టుకుంటే పిల్ల ఏడుస్తుంది మరి.

ఎప్పటిలాగే ఈ ఏడు కూడా పని మొదలైన రోజే అడిగింది. "అయ్యగారూ, మాకు గ్లౌజులు తెప్పించండి. ఇంకేం అడగం."

"గ్లౌజులేసుకుంటే తొడిమ చేతికి చిక్కుద్దా? పని నత్తనడక నడవదూ!" అన్నారు దశరథరామయ్యగారు. "అయినా రోజూ కారం తింటానే ఉన్నారుగా? నోటికి లేని మంట చేతికెందుకొచ్చింది?"

ఎంత లోతైన ప్రశ్న! ఏ యూనివర్సిటీలోనైనా ఇలా ఆలోచించే బుర్ర ఉందా?

ఆ బుర్రకు మొన్న మంగళవారం దారి దొరికింది. ఆరోగ్యమ్మకు కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తుమ్మముల్లు విరిగింది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు ప్రేమానందం అక్కడ మత్తు సూది పొడిచి, ముల్లు లాగేసి, పనికి పంపించాడు. రెండు వేళ్లూ కొయ్యముక్కల్లా అయిపోయాయి.

అప్పుడు చూడాలి వైభవం! మంట లేదు, ఊదుకోవడం లేదు, చీరకు తుడుచుకోవడం లేదు. పక్కనున్న గ్రేసీ రెండు కాయలు తుంచేలోపు ఆరోగ్యమ్మ నాలుగు తుంచేసింది. టీ వేళకు పొయ్యి మీది గిన్నె మూతను ఆ రెండు వేళ్లతోనే తీసి, అలాగే పట్టుకుని, తాపీగా కబుర్లు చెబుతూ నిలబడింది.

"అక్కా! మూత! ఏలు కాలతంది, కంపు రావట్లా?" అని గ్రేసీ అరిస్తేగానీ తెలియలేదు. మత్తు దిగాక బొబ్బలు రేగాయి, ఆ రాత్రంతా కునుకు లేదు. సరే, గొప్ప ఆవిష్కరణలన్నిటికీ ఇలాంటి చిన్న సాంకేతిక లోపాలు ఉంటూనే ఉంటాయి. దశరథరామయ్యగారు వాటిని పట్టించుకునే మనిషి కాదు. ఆయన చూసింది రెట్టింపైన కుప్పను!

మర్నాడు ప్రేమానందాన్ని పెట్టెతో సహా కల్లంలో దింపారు. అందరికీ తలా ఒక సూది!

నందిగామలో ఫార్మసీ చదువుతున్న ఆయన మనవరాలు నీహారిక అడ్డం వచ్చింది. "తాతయ్యా, మంట అనేది ఒంటికి కాపలా. దాన్ని నిద్రపుచ్చకూడదు. నొప్పి మీద పరిశోధనలు చేసేవాళ్లు దీనికి తిరగేసి చేస్తారు తెలుసా? మిరపకాయలోని ఘాటును చర్మం కిందకు ఎక్కిస్తారు. అప్పుడు గోరువెచ్చటి నీళ్లు తగిలినా సలసల కాగినట్టుంటుందట."

"ఆ పిచ్చోళ్లకి పనేముంది? నువ్వు లోపలికెళ్లి చదువుకో పో."

అవును మరి! నొప్పిని పెంచే మందు ఎవరిక్కావాలి? పదిమందికీ ఉపయోగపడేది తెలియకుండా చేసే మందే కదా!

ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. ఆరోగ్యమ్మ బొబ్బలెక్కిన చెయ్యి ముందుకు చాపింది. "మాదేవుంది అయ్యగారూ, పొడిపించుకుంటాం. ముందు మీరు పొడిపించుకుని, ఓ గంట మాతోపాటు తుంచండి. అంత మంచిదైతే మీకు మాత్రం వద్దా?"

పన్నెండుమంది ముందు వెనక్కి తగ్గితే మీసాలేం కావాలి? దశరథరామయ్యగారు చెయ్యి ఇచ్చారు. బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయి. పీట వేయించుకుని కూర్చుని టకటకా తుంచారు. "చూశారటే! చల్లగా ఉందే! మీరంతా ఉత్త నటనలు!" అని అరగంటసేపు ఉపన్యాసం దంచారు.

ఎండకు నుదుటి నుంచి చెమటచుక్క ఒకటి జారి కుడికంట్లో పడింది.

మామూలు వేళ్లయితే, మండుతూ ఉండి, "ఒరే, మమ్మల్ని కంటిదాకా తీసుకుపోకురా" అని మొత్తుకునేవి. ఇవి మొద్దు వేళ్లాయె! హాయిగా వెళ్లి కన్ను నులిమాయి.

ఆ కేక కంచికచర్ల బస్సులో వాళ్లకు కూడా వినిపించి ఉంటుంది. చల్లటి నీళ్లు కొడితే "కాగే నీళ్లు పోస్తారేంటే!" అన్నారు. ఫ్యాను గాలి తగిలితే నిప్పు అన్నారు. నీహారిక పాలలో తడిపిన దూది పట్టుకొచ్చి, "సూది అక్కర్లేకుండానే రెండో పరిశోధన కూడా చేశావు తాతయ్యా," అంది.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా, ఇంజక్షన్ మహిమ? ముప్పై ఏళ్లు బతిమాలినా రాని గ్లౌజులు తెల్లారేసరికి కల్లానికి వచ్చేశాయి!

ఒక్క జత. దశరథరామయ్యగారికి. సరుకు చూసుకునేటప్పుడు తొడుక్కోవడానికట.

కంటికి కట్టుతో పడక కుర్చీలో కూర్చుని ఆయన ఆ జతను పక్కన స్టూలు మీద పెట్టుకున్నారు. ఆరోగ్యమ్మ నింపాదిగా వచ్చింది. కుడిది తీసి బొబ్బల చేతికి తొడుక్కుంది. ఎడమది గ్రేసీ ఒళ్లోకి విసిరింది.

"ఇంకా పదిమంది ఉన్నారు అయ్యగారూ," అంది పీట మీద కూర్చుంటూ. "మీకు రెండో కన్ను బాగానే ఉందిగా?"